కుక్కకు కుట్టిన మేజోళ్ళు

గుండీ కాలి వేళ్ళ సందులోంచి డాక్టరమ్మ పట్టకారుతో లాగి స్టీలు పళ్ళెంలో వేసినదాన్ని చూసి టేపక్క మొదట సూది అనుకుంది. కుట్టుపని చేసే ఇంట్లో, కుక్క కాల్లోంచి కొసదేలినదేదైనా బయటికి వస్తే ఎవరైనా అదే అనుకుంటారు. పక్కన నిలబడ్డ అత్తగారు కూడా అదే అనుకుని కోడలి వైపు ఒక చూపు చూసింది.

“సూది కాదండీ,” అంది డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ చూసి. “గడ్డిగింజ.”

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని పళ్ళెం మీదికి వంగింది. గోధుమరంగులో, బియ్యపుగింజ కన్నా సన్నగా, ఒక చివర బాణం ములికిలా ఉందది. రెండో చివర తోకలాంటి ఈనె.

“గింజన్నాక మట్టిలో పడాలి గాని కాల్లో దూరడమేమిటమ్మా?”

“దానికి మట్టీ ఒకటే, కాలూ ఒకటే. మెత్తగా ఉంటే చాలు.” డాక్టరమ్మ గింజను పైకెత్తి దీపం కింద పట్టుకుంది. “ఈ నూగు చూడండి, అంతా వెనక్కి వాలి ఉంది. అందుకని ఇది ముందుకే పోతుంది, వెనక్కి రాదు. కుక్క అడుగేసినప్పుడల్లా ఇంకాస్త లోపలికి దిగుతుంది. కాల్లో దూరింది ఒక్కోసారి ఇంకెక్కడో తేలుతుంది. చెవిలో పడితే మరీ కష్టం.”

గడ్డి ఎండి వెన్నులు రాలే కాలం అయిపోయేదాకా కుక్కను పొడుగు గడ్డిలోకి తీసుకెళ్ళొద్దని చెప్పింది. బయటినుంచి రాగానే వేళ్ళ సందులు, చెవులు, చంకలు వెతకమంది. వేళ్ళ మధ్య వెంట్రుకలు కురచగా కత్తిరించి ఉంచమంది. ఒకే కాలిని అదే పనిగా నాకుతున్నా, తల పక్కకు విదిలిస్తున్నా వెంటనే తీసుకురమ్మంది. ఇంట్లో సూది పెట్టి కెలకొద్దని టేపక్క మెడలోని టేపును చూసి ప్రత్యేకంగా చెప్పింది.

ఆ టేపు వల్లే ఆమెకు ఆ పేరు. కూరగాయలకు వెళ్ళినా, ఎవరినైనా పరామర్శించడానికి వెళ్ళినా కొలతల టేపు మెడలోనే ఉండేది. పెళ్ళికి ముందు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క. ఆమెకు కాలర్లు వచ్చాయి. ఏళ్ళ తరబడి కాలర్లు తప్ప ఇంకేమీ కుట్టలేదు. ఆ రోజుల్లో మనుషులు తనకు మెడలుగానే కనబడేవారని ఒకసారి భర్తతో చెప్పింది. తన గురించి తాను ఆమె చెప్పిన కొద్ది మాటల్లో అదొకటి. తర్వాత ఇంటి ముందుగదిలో సొంత మెషీను పెట్టుకుంది. కొత్త బట్టలు కుట్టేది తక్కువ. ప్యాంట్ల కాళ్ళు కురచ చేయడం, జిప్పులు మార్చడం, మనిషి లావెక్కితే కుట్టు విప్పి వదులు చేయడం, తగ్గితే మళ్ళీ బిగించడం. గుడ్డముక్క పారేసేది కాదు. మెషీను కింద గోతాల్లో పీలికలు రంగుల వారీగా ఉండేవి.

ఏ చిక్కు వచ్చినా దానికి ఒక గుడ్డ ఉంటుందని ఆమె నమ్మకం. ఫ్రిజ్ పిడికి తొడుగు, అత్తగారి చేతికర్రకు తొడుగు, టీవీ రిమోటుకు తొడుగు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన స్క్రూడ్రైవర్లకు కూడా ఒక్కోదానికి ఒక్కో జేబు కుట్టిపెట్టింది. “ఈ ఇంట్లో తొడుగు లేనిది నాకొక్కడికే,” అనేవాడాయన.

గుండీ ఒక వానరోజు పిల్లగా దుకాణంలో దూరి, మెషీను కింద కూర్చుని, ఎవరిదో కోటు గుండీ మింగేసింది. పేరు అలా వచ్చింది. చెవులు చెంపల మీదికి వేలాడుతూ, ఒంటి నిండా ఉంగరాల బొచ్చుతో ఉండేది. దాన్ని బయటికి తోలెయ్యమని మొదట గొడవ చేసింది అత్తగారే. ఇప్పుడు దాని గిన్నె ఇంకొకరు కడిగితే ఆమెకు నచ్చదు.

పొడుగు గడ్డి మానెయ్యడం అంత తేలిక కాదు. వీధి చివర మూతబడ్డ సబ్బుల ఫ్యాక్టరీ ఉంది. దాని వెనక ఖాళీ స్థలం. స్థలానికి అవతల అత్తగారి చెల్లెలి ఇల్లు. రోడ్డు మీదుగా అయితే బస్సెక్కి ఊరు చుట్టి రావాలి. గడ్డిలో కాలిబాట పట్టుకుంటే టీ కాగేలోపు చేరిపోవచ్చు. అత్తగారు పొద్దున్నే గుండీని తీసుకుని ఆ బాటలోనే వెళ్ళి, చెల్లెలితో కాసేపు పోట్లాడి, టీ తాగి వచ్చేది. చెల్లెలు గుమ్మం దిగే మనిషి కాదు.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల,” అన్నాడు భర్త, సంగతి విని. “ఆ దారి మానెయ్యమ్మా.”

“మానేస్తాను. మీ ఆవిడ మెషీను మానేస్తుంది. నువ్వు లిఫ్టులు మానెయ్యి. ముగ్గురం కూర్చుని కుక్క మొహం చూసుకుందాం.”

“పోనీ దీన్ని ఇంట్లో వదిలేసి వెళ్ళు.”

“నేను చెప్పుల్లో కాలు పెట్టేసరికి అది వాకిట్లో ఉంటుంది. అయినా అది లేకపోతే దారంతా నా మాట వినేదెవరు? నువ్వా?”

టేపక్క నేలమీద కూర్చుని గుండీ పాదం చుట్టూ టేపు తిప్పుతోంది.

కుక్క ముందుపాదం, వెనకపాదం ఒక కొలత కాదని ఆమెకు ఆరోజే తెలిసింది. ముందువి వెడల్పు. అంతకన్నా చిక్కు, కుక్కకు మనిషికున్నట్టు మడమ నేలకానదు. మేజోడు నిలవడానికి పట్టు ఎక్కడుందో తెలియలేదు. పాత దిండుగలీబుతో నమూనా కత్తిరించి, తొడిగి, గుర్తుపెట్టి, విప్పి మళ్ళీ కుట్టింది. పైకి గట్టిగా ఉండాలని జీన్సు గుడ్డ తీసుకుంది. పై అంచుకు అతుక్కునే పట్టీ పెట్టింది. లోపలి అస్తరు దగ్గర ఆగి ఆలోచించింది. గుండీ పాదంలో గాయం ఇంకా పచ్చిగా ఉంది. జీన్సు రాసుకుంటే ఒరుసుకుపోతుంది. భర్త చలికాలపు స్వెట్టరొకటి మోచేతుల దగ్గర చిరిగిపోయినా పారెయ్యకుండా దాచింది. దాని లోపలివైపు మెత్తటి బొచ్చు. ఆ ఇంట్లో అంత మెత్తటి గుడ్డ ఇంకొకటి లేదు. కత్తెర పెట్టేముందు దాన్ని చెంపకు ఆనించి చూసుకుంది.

నాలుగూ తొడిగాక గుండీ మొదట కదల్లేదు. తర్వాత ఒక్కో కాలు ఎత్తి, బంకలోంచి పీకుతున్నట్టు విదిలించి, గోడకేసి నడిచింది.

“నువ్వు నాకు మొదటిసారి కోటు కుట్టినప్పుడు నేనూ ఇలాగే నడిచాను,” అంది అత్తగారు.

వీధిలో మొదట ఆపింది బేకరీ ఆయన. ఆయనకు మైదా అని ఒక తెల్లకుక్క ఉంది. అదీ ఆ స్థలంలోనే తిరుగుతుంది.

“కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని విన్నాం గాని, కుక్క కాలికి చెప్పు తొడగడం ఇదే చూడ్డం టేపక్కా.”

“సాక్సులు,” అంది టేపక్క.

నవ్వినాయనే సాయంత్రం మైదాను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. తర్వాత మందులషాపు ఆవిడ తన చిన్నకుక్క కొలతలు ఒక చీటీ మీద రాసి తెచ్చింది. వాళ్ళవి టేపక్క విరిగిన గొడుగుల గుడ్డతో కుట్టేసింది. అస్తరు వెయ్యలేదు. బయటివాళ్ళ పని. జిప్పులు మార్చేవి ఎదురుగా పడి ఉన్నాయి. అంతకన్నా తీరిక లేదు.

గుండీ ఇంకో కాలు నాకడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ మళ్ళీ ఒక గింజ తీసింది. ఈసారి వెనక కాల్లోంచి.

“సాక్సులు వేస్తున్నారన్నారు కదా?”

“రోజూ వేస్తున్నామండీ.”

“ఇంటికి రాగానే చూస్తున్నారా?”

“వేలు వేలూ చూస్తున్నాను.”

“మరెలా వచ్చింది?” అంది డాక్టరమ్మ. అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టుంది.

టేపక్క మేజోళ్ళ పై అంచు వదులుగా ఉందేమోనని పట్టీ బిగించింది. బిగిస్తే కాలు వాస్తుందేమోనని మళ్ళీ కాస్త వదిలింది. అంచుకు లోపలికి ఇంకో మడత వేసింది. మేజోళ్ళు రోజూ ఉతికి ఆరేసింది. ఉతికాక లోపల చెయ్యి పెట్టి చూస్తే మెత్తగా, శుభ్రంగా ఉండేవి. ఏ దారిన వస్తోందో అంతుపట్టలేదు. చుట్టూ మూసిన సంచిలోకి బయటిది రావడమంటే, కుట్టు తెలిసిన మనిషికి, తన కుట్టు మీదే అనుమానం.

“ఏదైనా చెడిపోతే ఒక్కొక్క పార్టూ విడిగా చూడాలి,” అన్నాడు భర్త అన్నం ముందు కూర్చుని. “సాక్సు బాగుంది. కట్టేటప్పుడు బాగుంది. విప్పేటప్పుడు బాగుంది. మధ్యలో ఏం జరుగుతోందో మనం చూడ్డం లేదు.” గొంతు తగ్గించాడు. “అమ్మ దారిలో విప్పేస్తోందేమో.”

“అత్తయ్యెందుకు విప్పుతారు?”

“కుక్కకు ఉక్కగా ఉందని జాలిపడుంటుంది. నాకు చిన్నప్పుడు బడికి టోపీ పెట్టి తీసుకెళ్తూ, వీధి మలుపులో తనే తీసేసేది.”

పక్కగదిలో అత్తగారికి వినబడిందో లేదో తెలియదు. కాని మర్నాడు ఆమె కోడలితో, “గుడ్డ మంచిదే, దర్జీ మంచిదే, మరి గింజ ఎలా పోతోందో,” అంది, తలుపు కేసి చూస్తూ. టేపక్క దారం కొరికింది. తప్పు నీ కుట్టులో ఉందని ఆమె, మీ దారిలో ఉందని ఈమె అనుకోవడం మొదలైంది. పైకి మాత్రం ఇద్దరూ కుక్కతోనే మాట్లాడుతున్నారు.

ఒకరోజు పొద్దున అత్తగారు వెళ్ళాక టేపక్క దుకాణం తలుపు దగ్గరేసి వెనకే నడిచింది. తన అత్తగారిని తను దొంగచాటుగా వెంబడిస్తోందని వీధి మలుపు తిరిగాక గాని తట్టలేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది.

ఫ్యాక్టరీ వెనక గడ్డి మనిషి నడుము దాకా ఎండిపోయి ఉంది. గాలి వీస్తే పొట్టు ఎగిరేది. బాట సన్నది. అత్తగారు ముందు చేతికర్రతో అటూ ఇటూ గడ్డిని వంచుతూ, వెనక గుండీ నడుస్తూ వెళ్ళారు. ఆమె మేజోళ్ళు విప్పలేదు. బాట మధ్య ఒక విరిగిన సిమెంటు తూము మీద కూర్చుని, గుండీ కాళ్ళు ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని, మేజోళ్ళ మీద అంటుకున్న పొట్టు గోళ్ళతో గిల్లి తీసింది.

“నిదానంగా నడువు,” అంటోంది. “పరుగెత్తావంటే ఊడిపోతాయి. మా అమ్మాయి పనులన్నీ పక్కన పడేసి కుట్టింది. ఊడాయంటే నన్నంటుంది. అనదులే. అనకపోతేనే భయం.”

టేపక్క గడ్డి చాటునుంచి చప్పుడు చెయ్యకుండా వెనుదిరిగింది. ఇంటికొచ్చి మెషీను ముందు కూర్చుంది గాని ఎవరి ప్యాంటో తిరగేసి కుట్టింది. అత్తగారు సరిగానే చేస్తోంది. తను సరిగానే చేస్తోంది. గింజ వస్తోంది.

ఆ తర్వాత గుండీ అన్నం మానేసింది. ముందుకాలు పాదం మీద వాచి, ఎర్రగా, ముట్టుకుంటే కాలుతోంది. డాక్టరమ్మ వేళ్ళ సందులో చిన్న రంధ్రం చూసి, సన్నటి పట్టకారు పెట్టి వెతికింది. ఏమీ దొరకలేదు.

“లోపలికి పోయింది. ఎక్కడుందో చెప్పలేను.” గుండీ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. “కాలు నిలువునా కోసి వెతకాలంటే పూర్తి మత్తు ఇవ్వాలి. దీని గుండె చప్పుడు నాకు నచ్చడం లేదు. మత్తిస్తే లేస్తుందో లేదో తెలియదు. ఇవ్వకుండా వదిలేస్తే అది పైకి పాకి ఛాతీలోకి పోవచ్చు.”

“ఏం చెయ్యమంటారు?” అంది అత్తగారు.

“మందులిస్తాను. ఉప్పు వేసిన వేడినీళ్ళతో కాపడం పెట్టండి. వాపు ఒకచోట గడ్డలా తేలితే ఆ మేరకు తిమ్మిరెక్కించి కోసి తీస్తాను, మత్తు అక్కర్లేదు. తేలకపోతే అప్పుడు ఆలోచించాలి.”

“సాక్సులు వెయ్యాలా, మానెయ్యాలా?” అంది టేపక్క.

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. “నిజం చెప్పనా? నాకూ తెలియడం లేదు. వేసినా వస్తోంది. వెయ్యకపోతే ఇంకా ఎన్ని వచ్చేవో.”

దారిలో అత్తగారు ఒక్క మాటే అంది. “గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాం.” మనం అని అందో, నువ్వు అని అనలేక అలా అందో టేపక్కకు అర్థం కాలేదు.

మేజోళ్ళలోనే ఏదో ఉంది. ఏమిటో తెలియకపోయినా అది తేల్చుకునేదాకా ఇంకొకరి కుక్క వాటిని వేసుకుని తిరగకూడదు. మధ్యాహ్నం దుకాణం మూసి ఆమె బేకరీకి వెళ్ళింది.

“మైదా సాక్సులు ఇచ్చెయ్యండి.”

బేకరీ ఆయన ట్రేలోని రొట్టెలు అద్దాల బీరువాలోకి సర్దుతున్నాడు. “ఎందుకు? చిరిగాయా? బానే ఉన్నాయే.”

“వాటివల్ల కాళ్ళలోకి గింజలు పోతున్నాయి.”

“ఎవరి కాళ్ళలోకి?”

“మా గుండీకి.”

“మా మైదా సాక్సుల్లోంచి మీ గుండీ కాల్లోకా?” ఆయన ట్రే దించాడు. “పోయినేడు ఈ రోజులకి దీనికి కాలుకోసారి కట్టు కట్టించాను. ఈ ఏడు ఒక్క గింజ దూరితే ఒట్టు. ఇవ్వను టేపక్కా. కావాలంటే నా చెప్పులు తీసుకెళ్ళు.”

మందులషాపు ఆవిడా ఇవ్వలేదు. పైగా తన చెల్లెలి కుక్కకు కూడా కావాలని కొలతలు చెప్పబోయింది. టేపక్క వినకుండా తిరిగి బేకరీకే వచ్చింది. ఒకే గడ్డి. ఒకే నమూనా. ఒకే చెయ్యి. ఇక్కడ మంచి చేసింది అక్కడ చెడు ఎలా చేస్తుంది? కుక్కలో తేడా ఉందా? గుండీ బొచ్చుకుక్క. మందులషాపు ఆవిడదీ బొచ్చుకుక్కే.

“ఒకసారి చూసి ఇచ్చేస్తాను,” అంది.

ఆయన అనుమానంగా చూసి, మైదా కాలినుంచి ఒకటి విప్పి చేతిలో పెట్టాడు. ఇంకా దుమ్ము దులపలేదు. ఆమె దాన్ని తిరగేసింది. నున్నటి గొడుగుగుడ్డ. తిరగేసేటప్పుడే లోపలినుంచి ఒక గింజ జారి, రొట్టెలబల్ల మీద పడి, దొర్లింది.

“చూశారా, వచ్చింది,” అంది టేపక్క.

“వచ్చింది, పోయింది,” అన్నాడాయన, దాన్ని చేత్తో కిందికి ఊడ్చేసి. “రోజూ విప్పగానే దులుపుతాను. ఒకటో రెండో రాల్తాయి. అంతే.”

గింజ పడినచోటును ఆమె కాసేపు చూసింది. మేజోడు తిరిగిచ్చి, ఇంటికొచ్చి, తీగ మీద ఆరుతున్న గుండీ మేజోడు తీసుకుని, మెషీను ముందు కూర్చుంది. ఎప్పుడూ చూసినట్టే లోపల చెయ్యి పెట్టి తడిమింది. మెత్తగా ఉంది. తిరగేసి విదిలించింది. ఏమీ రాలలేదు. అప్పుడు దాన్ని మళ్ళీ సరిగా తిప్పి, వేళ్ళన్నీ దగ్గరికి ముడిచి, పాదం తొడిగినట్టు లోపలికి నెట్టి, బల్ల మీద పెట్టి బరువు వేసి నొక్కింది. అడుగు వేసినట్టు నొక్కి, ఎత్తి, మళ్ళీ నొక్కింది.

చూపుడువేలి కొసన చురుక్కుమంది.

కుట్టు విప్పే పుల్లతో అస్తరు ఊడదీసింది. బొచ్చు వేళ్ళతో పాయలు తీసి చూస్తే గింజలు కనబడలేదు. వెనకనుంచి, స్వెట్టరు అల్లిక వైపునుంచి చూస్తే కనబడ్డాయి. బొచ్చు మొదళ్ళలో దిగబడి, అల్లిక కళ్ళలోంచి పొడుచుకుని ఉన్నాయి. ఉతికితే పోకుండా, విదిలిస్తే రాలకుండా. కొన్ని అస్తరుకీ జీన్సుకీ మధ్యకు చేరాయి. అన్నిటి ములికీ ఒకే వైపుకు ఉంది, పాదం వేళ్ళుండే వైపుకు. గొడుగుగుడ్డలో పడ్డది జారి రాలిపోయింది. స్వెట్టరులో పడ్డది నిలిచిపోయింది. గాలికి, పై అంచునుంచి, రోజుకు ఒకటి పడ్డా చాలు. అవన్నీ ఆమె ఉతికి, ఆరేసి, మర్నాడు మళ్ళీ గుండీకి తొడిగింది.

మిగిలిన మూడూ విప్పలేదు. నాలుగూ ఒక పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేసింది. ఆ ఇంట్లో చెత్తబుట్టలో గుడ్డ పడడం అత్తగారు అదే మొదటిసారి చూసింది.

“ఏమిటమ్మాయ్ అది?”

టేపక్క కాపడానికి నీళ్ళు పెట్టి, ఉప్పు వేసి, గుడ్డ ముంచి పిండి, గుండీ కాలిమీద వేసి, అప్పుడు చెప్పింది. బేకరీ ఆయన కుక్కవి నున్నగా ఉన్నాయని, వాటికి అస్తరు వెయ్యలేదని, దీనికి వేసిందని. చెబుతుంటే తనకే సరిగా అర్థం కానట్టు మధ్యలో ఆగింది. “అస్తరు వెయ్యకుండా ఉంటే ఏమీ అయ్యేది కాదత్తయ్యా.”

అత్తగారు గుండీ తల ఒళ్ళోకి తీసుకుంది. గుడ్డ చల్లారింది. మార్చారు. మళ్ళీ చల్లారింది.

“మెత్తగా ఉంటుందనే కదా వేశావు,” అంది.

“మెత్తగా ఉంటుందనే.”

“మరి దానికేమని తిట్టను?” అంది అత్తగారు విసుగ్గా. “మంచిది చెడ్డదెలా అవుతుందో నాకిప్పుడు చెప్పకు. నీళ్ళు ఇంకాస్త వేడిచెయ్యి.”

వాపు పాదంలో తగ్గింది. తగ్గిందని ముగ్గురూ సంతోషించేలోపు, మణికట్టు పైన, కొద్దిగా లోపలివైపు, రేగుపండంత గడ్డ లేచింది. అది మంచిదో చెడ్డదో తెలియక, భర్త పనికి సెలవు పెట్టి, గుండీని దుప్పట్లో ఎత్తుకుని డాక్టరు దగ్గరికి నడిచాడు; అత్తాకోడళ్ళు వెనకే వెళ్ళారు. డాక్టరమ్మ వేలితో నొక్కి, “మత్తు అక్కర్లేదు,” అంది. కాలు పట్టుకొమ్మని టేపక్కకు చెప్పింది. తిమ్మిరి మందు ఎక్కించి, చిన్నగా కోసి, చీమూ రక్తమూ తుడిచి, పట్టకారు లోపల తిప్పింది. టేపక్క కోతను చూడలేదు. పాదాన్ని చూస్తూ, అది వణకకుండా, బిగించకుండా, గుడ్డను మెషీను కింద పట్టినట్టు పట్టుకుంది.

గింజ వచ్చింది. నల్లబడి, తోక విరిగి ఉంది.

“ఇదేనా, ఇంకోటుందా?” అంది అత్తగారు.

“ఇది వచ్చింది,” అంది డాక్టరమ్మ. “ఇంకోటుందో లేదో గాయం మానాక తెలుస్తుంది. తింటోందా, నాకుతోందా, చూస్తూండండి.”

టేపక్క తను అస్తరులో చూసింది చెప్పింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ విని, “నేనూ లోపల ఏముందని అడగలేదు,” అంది.

గాయం ఆరేదాకా గుండీ గుమ్మం దాటకూడదు. దాన్ని వదిలి అత్తగారు కదలలేదు. చెల్లెలు ఫోను చేసి ఎందుకు రావడం లేదంటే, “కుక్కకు కాలు బాగాలేదు,” అంది. “కుక్కకు బాగాలేకపోతే నువ్వెందుకు రావు?” అని అవతల అడిగింది. దానికి అత్తగారు చెప్పిన సమాధానం చెల్లెలికి అర్థమైనట్టు లేదు. మళ్ళీ ఫోను రాలేదు.

ఒక పొద్దున టేపక్క జిప్పు కుడుతుంటే, మూలన పడుకున్న గుండీ తలెత్తింది. కట్టుకట్టిన కాలు ఎత్తిపెట్టి, మూడు కాళ్ళమీద లేచి, తోక ఆడించింది. వాకిట్లో అత్తగారి చెల్లెలు, చిన్నత్తగారు, నిలబడి ఉంది. పొడుగు కోటు, ఉన్ని శాలువా, ఒక చేతిలో మూటకట్టిన గిన్నె. ఆయాసపడుతోంది. ఆ ఇంటికి ఆమె ఎన్నేళ్ళకు వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. గడ్డిబాటన వచ్చింది. కోటు అంచు నిండా, మేజోళ్ళ నిండా, శాలువా కుచ్చుల నిండా గోధుమరంగు ఈనెలు.

గుండీ ఆమెకేసి కుంటుతూ బయల్దేరింది.

“అక్కడే ఆగండి చిన్నత్తా,” అంది టేపక్క లేచి. “లోపలికి రాకండి. అత్తయ్యా, దాన్ని పట్టుకోండి.”

అత్తగారు వంటగదిలోంచి వచ్చి గుండీ మెడపట్టీ అందుకుంది. చెల్లెల్ని పైనుంచి కిందికి చూసింది. “కదిలావంటే చెబుతాను.”

“ఏమిటర్రా ఇది?” చిన్నత్తగారు ఒక కాలు గుమ్మంలో, ఒక కాలు బయట ఉంచి అలాగే నిలబడిపోయింది. “ఎప్పుడూ రావంటావు. వస్తే గుమ్మంలో నిలబెడతావు. నేనేమైనా దొంగనా?”

“ఒళ్ళంతా ముళ్ళేసుకొచ్చావు.”

“ముళ్ళా? నాకా?”

టేపక్క ఆమె చేతిలోని గిన్నె అందుకుని, వెనక్కి నడిపించి, మెట్టు కింద ఒక స్టూలు వేసి కూర్చోబెట్టింది. దుకాణంలోంచి చిన్న పట్టకారు, ఒక పళ్ళెం తెచ్చుకుని మెట్టుమీద మోకాళ్ళూని కూర్చుంది. కోటు అంచు ఎత్తి వెలుతురుకు పట్టింది. ఉన్నిలో దిగినవి ఒక్కొక్కటీ, మొదలు పట్టుకుని, విరగకుండా తీయసాగింది. లోపల అత్తగారు కుర్చీ గుమ్మందాకా లాక్కుని, గుండీని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుంది. గుండీ తోక కుర్చీకాలికి కొట్టుకుంటోంది. అక్కాచెల్లెళ్ళు గుమ్మానికి అటొకరు ఇటొకరు కూర్చుని పోట్లాట మొదలుపెట్టారు.

“టీ అయినా ఇస్తారా, ఇదయ్యేదాకా అదీ లేదా?” అంది చిన్నత్తగారు.

“ఇంకా చాలా ఉన్నాయి,” అంది టేపక్క. “కోటు విప్పి ఇస్తే తొందరగా అవుతుంది.”

“చలి.”

“అయితే కదలకండి.”

చిన్నత్తగారు గిన్నెకేసి చూసింది, అక్క కేసి చూసింది, తన కాళ్ళ దగ్గర వంగిన తలను చూసింది. ఎందుకో అర్థం కాలేదు గాని, కదల్లేదు.